పాత పికప్‌కి బాడీ పార్టులు వెతికేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

బొలెరో పికప్, టాటా 207, ఏస్ లాంటి బళ్లు పది పన్నెండేళ్లు తిరిగాక ఇంజన్ ఇంకా లాగుతానే ఉంటది, రేకు మాత్రం పోతది. అప్పుడు మొదలవుద్ది గోల, ఏ డోర్ పడుద్ది, ఏ బోనెట్ సెట్ అవుద్ది, స్క్రాప్‌లో కొనొచ్చా, ఆర్టీవో వాళ్లతో ఏమన్నా ఇబ్బందా అని. అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నీ ఒకచోట రాశా, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. షాపువాడు చెప్పే మోడల్ పేరు మీద డబ్బులు పెట్టొద్దు, బోల్టు బెజ్జాలూ అంచులూ కలిశాయా లేదా చూసి పెట్టండి, నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటది.

## కొనే ముందు

నా బండి అసలు ఏ సంవత్సరం మోడలో కచ్చితంగా ఎట్లా తెలుస్తది?

ఆర్సీలో రిజిస్ట్రేషన్ డేట్ చూసి ఆగిపోకండి, తయారైన నెల, సంవత్సరం వేరేగా ఉంటది, అది చూడండి. డిసెంబర్లో తయారైన బండి షోరూంలో నిలబడి మార్చిలో రిజిస్టర్ అవడం మామూలే, ఆ మధ్యలో బండి ముఖం, అంటే గ్రిల్, లైట్లు, బోనెట్ ఉండే ముందు భాగం, మారిందంటే మీరు తప్పు పార్టు కొంటారు. ఇంకో దారి ఛాసీ నంబర్. 17 అక్షరాలు ఉంటాయి, అందులో పదోది చాలావరకు సంవత్సరాన్ని చెప్తది. 2009 అయితే 9, 2010 నుంచి ఇంగ్లీషు అక్షరాలు మొదలు, ఎ అంటే 2010, బి 2011, సి 2012, అట్లా పోతా ఉంటది. ఐ, ఓ, క్యూ వాడరు, అందుకే హెచ్ 2017 అయితే 2018కి జె వచ్చింది. మహీంద్రా ఛాసీ నంబర్ ఎంఏ1తో, టాటాది ఎంఏటీతో మొదలవుద్ది. ప్లేట్ మీద అరిగిపోతే ఫ్రేమ్ మీద పంచ్ చేసి ఉంటది, మట్టి గోకి చూడండి.

రేకు మార్చాలా, బెండు తీయిస్తే సరిపోద్దా?

గుద్దుకుని లోపలికి పోయిన రేకు చిరగకుండా ఉంటే, మంచి టింకర్ మేస్త్రి తీసేస్తాడు, కంగారు పడొద్దు. రేకు మడత పడి గీతలా పదునుగా అయిపోతే కష్టం, తీసినా సాగిపోయి ఉంటది, పైన పుట్టీ మందంగా పెట్టాల్సొస్తది, 2-3 మిల్లీమీటర్లు దాటిన పుట్టీ మన రోడ్ల అదురుకి ఎప్పటికైనా పగులుద్ది. తుప్పు అయితే వేరే లెక్క. పైన బుడగలా ఒకటి రెండు కనపడ్డాయంటే లోపల అంతకు నాలుగింతలు తినేసి ఉంటది. బొటనవేలితో గట్టిగా నొక్కండి, కరకరమని లోపలికి పోయిందంటే ఆ రేకు అయిపోయినట్టే.

అన్నీ బొలెరోలే కదా, బొలెరో కారు బోనెట్ పికప్‌కి పడదా?

ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. బొలెరో 2000లో వచ్చింది, అప్పట్నుంచి ముఖం చాలాసార్లు మారింది, స్పేర్స్ షాపుల్లో దాన్నే టైప్ 1, టైప్ 2, టైప్ 3 అంటారు. అదే పేరు మీద క్యాంపర్, పికప్, మ్యాక్సీ ట్రక్ కూడా నడిచాయి. కారు ముఖం మారిన ఏడాదే పికప్ ముఖం కూడా మారాలని రూలేం లేదు, అందుకని "2012 బొలెరో బోనెట్ ఇవ్వు" అని అడిగితే వాడు ఇచ్చేది మీ పికప్‌కి పడొచ్చు, పడకపోవచ్చు.

అడగాల్సింది ఇట్లా. పాత బోనెట్ విప్పి కింద పడుకోబెట్టి టేపు పెట్టి కొలవండి. వెనక హింజ్ (తెరిచేటప్పుడు తిరిగే బందు) బోల్టుల మధ్య దూరం, ముందు లాక్ కొక్కెం మధ్యగీతకి ఎంత దూరంలో ఉంది, గ్రిల్ వైపు అంచు తిన్నగా ఉందా వంపు ఉందా, హెడ్‌లైట్ పక్కన కోత ఏ ఆకారంలో ఉంది, అద్దానికి నీళ్లు కొట్టే నాజిల్ బెజ్జాలు బోనెట్ మీద ఉన్నాయా వేరేచోట ఉన్నాయా. ఈ అయిదూ కలిస్తే షాపువాడు దానికి ఏ టైప్ పేరు పెట్టినా పర్లేదు. హింజ్‌లు కలిసి ముందు అంచు కలవకపోతే గ్రిల్, హెడ్‌లైట్లు, ఒక్కోసారి బంపర్ కూడా మార్చాల్సొస్తది, అప్పుడు అది బోనెట్ ఖర్చు కాదు, ముఖం మొత్తం ఖర్చు.

టాటా 207లో అన్నీ ఒకటే కదా?

కాదు. టాటామొబైల్ 1988లో వచ్చింది, ఆ తర్వాత 207 అన్న పేరు మీద డీఐ, ఈఎక్స్, ఆర్ఎక్స్ అని చాలా రకాలు రోడ్డెక్కాయి. "207 ఫెండర్" (ముందు చక్రం పైనుండే రేకు) అంటే షాపువాడికి ఏమీ చెప్పనట్టే. బండి వెనక రాసిన అక్షరాలు, ఛాసీ నంబర్, ముందు నుంచి ఒక ఫొటో, ఈ మూడూ చూపించండి. ఏస్ విషయంలో కూడా అంతే, 2005లో వచ్చిన మొదటి ఏస్‌కీ సూపర్ ఏస్‌కీ పేరు కలుస్తది తప్ప క్యాబిన్ కలవదు.

పార్ట్ నంబర్ ఎక్కడ దొరుకుద్ది?

కంపెనీ డీలర్ దగ్గర స్పేర్స్ కౌంటర్లో. ఛాసీ నంబర్ చెప్తే కంప్యూటర్లో బొమ్మతో సహా తీస్తారు, కొనకపోయినా మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. పాత బళ్లకి కంపెనీ పార్ట్ నంబర్లు మారుస్తా ఉంటది, పాత నంబర్ కొట్టి "లేదు" అంటే దాని బదులు వచ్చిన కొత్త నంబర్ ఏదన్నా ఉందా అని అడగండి. రెండోది ఎడమ, కుడి. బండి ముందు నిలబడి చూసి చెప్పేస్తారు చాలామంది, అది తప్పు, డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఏది ఎడమో అదే ఎడమ.

## ఎక్కడ వెతకాలి

కంపెనీ కౌంటర్లో స్టాక్ లేదంటున్నారు, ఇంక దొరకదా?

ఆ డీలర్ దగ్గర లేదంటే దేశంలోనే లేదని కాదు. వేరే ఊరి డీలర్ దగ్గర, డిపోలో ఉండొచ్చు, ఆర్డర్ పెట్టించుకుని ఎన్ని రోజులు పడుద్దో రాయించుకోండి. చిన్న ఊళ్లలో పాత డీలర్ల గోడౌన్లలో అమ్ముడుపోని పాత స్టాక్ అటక మీద పడుంటది, బోనెట్, డోర్ లాంటి పెద్ద సరుకు చోటు తినేస్తదని వాళ్లే తగ్గించి ఇచ్చేస్తారు. బిల్లు చూసేటప్పుడు ఒక మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 18 శాతం, ఇంకా పాత 28 శాతం వేసి లెక్క చెప్తే అడగండి.

స్క్రాప్‌లో వెతకాలంటే ఎక్కడికి పోవాలి?

మనవైపు అయితే విజయవాడ ఆటోనగర్ మొదటి మాట, తర్వాత గుంటూరు, వైజాగ్ ఆటోనగర్లు. హైదరాబాద్‌లో కొత్త స్పేర్స్‌కి రాణీగంజ్, బాడీ పనికీ పాత సరుకుకీ ఆటోనగర్ వైపు. నెల్లూరు, చిత్తూరు వాళ్లకి చెన్నై పుదుపేట దగ్గర.

పోయేటప్పుడు ఒట్టి చేతులతో పోవద్దు. పాత పార్టు ఆటోలో పట్టేదైతే వెంట తీసుకుపోండి, పట్టకపోతే కొలతలు రాసుకుని, బోల్టు బెజ్జాల దగ్గర టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి. ఆటోనగర్లో పాతికేళ్ల నుంచి కూర్చున్న షాపాయన మీ ఫొటో చూడగానే "ఇది ఫలానా సంవత్సరం ముందుది" అని చెప్పేస్తాడు, ఆ జ్ఞాపకం ఏ కంప్యూటర్లోనూ దొరకదు. కానీ ఆయనదే సరుకు, ఆయనదే సర్టిఫికెట్, అందుకని చెప్పింది వినండి, కొలత మాత్రం మీరే పెట్టండి. వీలుంటే మీ టింకర్ మేస్త్రిని తీసుకెళ్లండి, ఆయన రోజు కూలి ఇచ్చినా గిట్టుబాటే.

ఒరిజినల్, డూప్లికేట్ చూసి ఎట్లా పట్టుకోవాలి?

ప్యాకింగ్ చూసి మాత్రం కాదు, ప్యాకింగే ముందు డూప్లికేట్ అవుద్ది. రేకు చూడండి. బాడీ బయటి రేకు మామూలుగా 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది, లోకల్ సరుకులో ఇంకా పల్చగా ఉండేవి వస్తాయి, మధ్యలో అరచేత్తో నొక్కితే టక్కుమని లోపలికి పోయి బయటికి వస్తది. బోనెట్ తిరగేసి లోపలి ఫ్రేమ్ చూడండి, కంపెనీదైతే స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరసగా ఒకే దూరంలో ఉంటాయి, అంచు మడత చుట్టూ ఒకే వెడల్పు ఉంటది. డూప్లికేట్లో బాడీ గీత, అదే తలుపు మీద పొడవునా అడ్డంగా పోయే ఆ మడత, మొద్దుగా ఉంటది, పక్కన పాత ఫెండర్ పెట్టి చూస్తే వెంటనే కనపడుద్ది.

డూప్లికేట్ అసలు కొనొద్దని నేననను. ఇసక తోలే బండికి ఫెండర్ అయితే లోకల్ చాలు, ఎట్లాగూ ఆర్నెల్లకి మళ్లీ గుద్దుకుంటది. డోర్, బోనెట్ మాత్రం లోకల్ వద్దు, అవి రోజూ తెరిచి మూసేవి, పల్చని రేకైతే హింజ్ దగ్గర చిరుగుద్ది.

ఫైబర్ బోనెట్ తేలిగ్గా ఉంది, తుప్పు కూడా పట్టదు, వేయించొచ్చా?

లోడు బండికి నేను వేయించను. హింజ్ బోల్టుల చుట్టూ వెంట్రుక గీతల్లా పగుళ్లు మొదలై లాక్ దాకా పోతాయి, స్పీడ్‌లో లాక్ వదిలేస్తే బోనెట్ వచ్చి అద్దం మీద పడుద్ది.

ఆన్‌లైన్లో కొంటే రిస్కా?

చిన్న గ్రిల్, బంపర్ మూల లాంటివి పర్లేదు. బోనెట్, డోర్ అయితే వచ్చేదాకా గుండె దడే. ఢిల్లీ కశ్మీరీ గేట్ వైపు నుంచి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వస్తది, దారిలో మూడు చోట్ల దింపి ఎక్కిస్తారు. డబ్బులు పంపే ముందు వెనకవైపు ఫొటో, బెజ్జాల దగ్గర టేపు పెట్టిన ఫొటో అడగండి, పంపనంటే వదిలేయండి. నాలుగు మూలలకీ థర్మాకోల్ కట్టి చెక్క ఫ్రేమ్‌లో పెట్టమనండి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రసీదు మీద సంతకం పెట్టే ముందే విప్పి చూసుకోండి, మూల వంగితే అదే రసీదు మీద రాయించండి, ఇంటికి తెచ్చుకున్నాక ఎవరూ ఒప్పుకోరు.

దొంగబండి పార్టు కాదని ఎట్లా తెలుస్తది?

బిల్లు. డోర్, ఫెండర్ మీద ఛాసీ నంబర్ ఉండదు కాబట్టి పట్టుకునే దారి లేదనుకుంటారు కానీ, మరీ తక్కువ రేటుకి, బిల్లు లేకుండా, నిన్నటి దాకా రోడ్డు మీద తిరిగినంత మెరుస్తా ఉన్న సరుకు ఇస్తున్నాడంటే ఆలోచించండి. మేరఠ్‌లో సోటీగంజ్ అని పాత పార్టులకి పెద్ద పేరున్న మార్కెట్, దొంగబళ్లు కోసి అమ్ముతున్నారని 2021 డిసెంబర్లో పోలీసులు మూయించేశారు. జీఎస్టీ నంబర్ ఉన్న షాపులో, పార్టు పేరు రాయించి బిల్లు తీసుకోండి, ఫోన్లో ఫొటో తీసి దాచుకోండి.

## సరుకు ముందు నిలబడి

స్క్రాప్ డోర్ కొనేటప్పుడు ఏమేం చూడాలి?

ముందు కింది అంచు. డోర్ కింద నీళ్లు పోయే చిన్న బెజ్జాలు ఉంటాయి, వాన నీళ్లు గ్లాసు పక్కన నుంచి లోపలికి దిగి వాటిలోంచి బయటికి పోవాలి. మన దుమ్ముకి అవి మట్టితో పూడుకుపోతాయి, నీళ్లు లోపలే నిలబడి రేకుని లోపల్నుంచి తింటాయి, పైన పెయింట్ మాత్రం నిగనిగలాడతా ఉంటది. డోర్‌ని తలకిందులు చేసి కింది మడత వెంబడి స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా పొడవండి, ఎక్కడన్నా మెత్తగా దిగిందంటే ఆ డోర్ వద్దు. తర్వాత అరచేత్తో తట్టుకుంటా పోండి, రేకు ఉన్నచోట ఖంగుమంటది, పుట్టీ ఉన్నచోట మొద్దుగా డబ్‌డబ్ అంటది. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్తే ఇంకా తేలిక, పుట్టీ మందంగా ఉన్నచోట అంటుకోదు.

ఆ తర్వాత హింజ్ బిగించే చోటు. అక్కడ వెల్డింగ్ పెట్టిన మచ్చలుంటే ఆ డోర్ ఒకసారి వాలిపోయిందని అర్థం, మీ బండికి బిగించినా మళ్లీ వాలుద్ది. చివరగా కాస్త దూరం నిలబడి గ్లాసు ఫ్రేమ్ చూడండి, బయటికి వంగి ఉంటే గాలి, వాన లోపలికే.

డోర్‌తో పాటు గ్లాసు, లాక్, మిషన్ వస్తాయా?

బేరం మీద ఆధారపడి ఉంటది. నిండు డోర్ అంటే గ్లాసు, గ్లాసు ఎత్తే మిషన్, లాక్, లోపలి ప్యాడ్ అన్నీ, ఒట్టి డోర్ అంటే రేకు మాత్రమే. ఏది చెప్తున్నాడో ముందే తేల్చుకోండి. మీ పాత డోర్‌లో మిషన్ బాగుంటే ఒట్టి డోర్ చాలు. నిండు డోర్ తీసుకున్నా తాళం సిలిండర్ మాత్రం మీదే మార్చుకోండి, లేకపోతే డోర్‌కొక తాళంచెవి వేసుకుని తిరగాలి.

క్యాబిన్ మొత్తం దొరికింది, మార్చేస్తే పోలా?

రేకు పనిగా చూస్తే మంచి ఆలోచనే, నేల రేకు కూడా తుప్పు పట్టిపోయిన బండికి ముక్క ముక్కగా మార్చేకన్నా చవకగా తేలుద్ది. కానీ ఆ క్యాబిన్ ఏ బండిదో కాగితం కావాలి, ఆ బండి స్క్రాప్‌కి ఇచ్చినట్టు రుజువు, షాపు బిల్లు. ఈ బళ్లకి అసలు ఛాసీ నంబర్ ఫ్రేమ్ మీదుంటది, దాన్ని ఎవరన్నా గ్రైండర్ పెట్టి ముడతామంటే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి, అది నేరం. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పండి. వైరింగ్ ప్లగ్గులు, స్టీరింగ్ కాలమ్, పెడల్ బాక్స్ బిగించే చోట్లు కలిశాయా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

వెనక తొట్టి ఏదైనా పడుద్దా?

పొడవు చూడండి. బొలెరో పికప్‌లోనే 1.3 టన్ను, 1.5, 1.7 అని రకాలున్నాయి, తొట్టి కొలతలు ఒకటి కావు. ఫ్రేమ్ మీద తొట్టి బిగించే బ్రాకెట్ల మధ్య దూరం, చక్రం పైన కోత, డీజిల్ మూత వచ్చే చోటు, ఈ మూడు ముఖ్యం. నిజం చెప్పాలంటే తొట్టి విషయంలో స్క్రాప్ వెతుక్కోవడం కన్నా ఆటోనగర్ బాడీ బిల్డర్ దగ్గర కొత్త రేకుతో పక్కలు కట్టించుకోవడమే నయం. వెనక డోర్ ఒక్కటే పోతే దాన్నే పాతది వెతకండి. ఎత్తు, పొడవు మాత్రం కంపెనీ కొలత దాటనివ్వొద్దు.

## బిగించేటప్పుడు

ముందు పెయింటా, ముందు ఫిట్టింగా?

ముందు ఫిట్టింగ్. రంగు లేకుండానే బిగించి, గ్యాప్‌లు చూసుకుని, డోర్ పది సార్లు కొట్టి చూసి, అప్పుడు విప్పి పెయింట్‌కి ఇవ్వాలి. పెయింటర్ బిజీ అని ముందే రంగు కొట్టించేస్తే, తర్వాత బెజ్జం ఫైల్ చేయాలన్నా అంచు వంచాలన్నా రంగు లేచిపోద్ది. పైగా రంగేసిన పార్టుని ఏ షాపూ వాపసు తీసుకోదు. విప్పి కొట్టిస్తే అంచుల లోపలికి కూడా రంగు పోద్ది, తుప్పు మొదలయ్యేది అక్కడే కదా.

కొత్త పార్టు మీద నల్ల కోటింగ్ ఉంది, గీకేయాలా?

గీకొద్దు. కంపెనీ పార్టు మీదుండే ఆ నల్ల కోటింగ్ కరెంటుతో పట్టించిన ప్రైమర్, రేకుకి అదే రక్ష. 320 లేదా 400 నంబర్ ఎమరీ పేపర్‌తో పైపైన రుద్ది దానిమీదే ప్రైమర్, రంగు వేయాలి. లోకల్ పార్టు మీద ఒక్కోసారి నల్ల పెయింట్ మాత్రమే కొట్టి ఉంటది, గుడ్డకి థిన్నర్ తడిపి రుద్దితే చేతికి వచ్చేస్తది, అట్లా వస్తే మాత్రం మొత్తం తీసి ప్రైమర్ నుంచి మొదలుపెట్టించండి.

గ్యాప్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తాంది, పార్టు తప్పా?

వెంటనే పార్టుని తిట్టొద్దు. హింజ్ బెజ్జాలు కావాలనే పొడుగ్గా ఇస్తారు, బోల్టు వదులు చేసి జరుపుకోడానికే. ఎత్తు తక్కువైతే హింజ్ కింద పల్చని వాషర్ రేకు పెడతారు. వరస మాత్రం తప్పొద్దు, ముందు డోర్ క్యాబిన్‌కి సరిచేయాలి, తర్వాత ఫెండర్‌ని డోర్‌కి, చివర్లో బోనెట్‌ని ఫెండర్లకి. ఎంత జరిపినా ఒకవైపు మూసుకుపోతా ఉంటే బండికి పాత యాక్సిడెంట్ ఉందేమో చూడండి. బోనెట్ తీసి ఇంజన్ గది మూలల మధ్య ఎక్స్ ఆకారంలో రెండు కొలతలు తీయండి, అవి సమానంగా రాకపోతే తప్పు పార్టుది కాదు, ముందు భాగమే వంకర.

వెల్డింగ్ చేయిస్తే ఏం జాగ్రత్త?

బ్యాటరీ టెర్మినల్ విప్పించండి, కామన్ రైల్ ఇంజన్ (డీజిల్ కొట్టేది కంప్యూటర్ చూసుకునే ఇంజన్) బళ్లకైతే ఇది తప్పనిసరి, కంప్యూటర్ బాక్స్ పోయిందంటే బాడీ పని ఖర్చు మర్చిపోతారు. పల్చని రేకుకి గ్యాస్ వెల్డింగ్ కన్నా సీవో2 వెల్డింగ్ (తీగతో చేసేది) మంచిది, అదీ ఏకధారగా కాకుండా అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెట్టుకుంటా పోవాలి, లేకపోతే వేడికి రేకు అలలు తేలుద్ది. వెల్డింగ్ వెనకవైపు ప్రైమర్ కాలిపోతది, అక్కడ రెడ్ ఆక్సైడ్ అన్నా కొట్టమని చెప్పండి, చెప్పకపోతే ఎవరూ కొట్టరు.

## కాగితాలు, ఇన్సూరెన్స్

వేరే రంగు డోర్ దొరికింది, బండి మొత్తం ఆ రంగే వేయించొచ్చా?

వేయించొచ్చు, కానీ ఆర్సీలో రంగు మార్పించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. ఓపెన్ బండిని కంటైనర్ బాడీ చేయించడం కూడా దీని కిందికే వస్తది. పాత రంగే వేయించుకుంటే ఏ గొడవా లేదు, డోర్ మార్చినందుకు ఎవరికీ అప్లికేషన్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో రేకుకి ఎంత వస్తది?

థర్డ్ పార్టీ ఒక్కటే కట్టుంటే మీ బండికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే బండి వయసుని బట్టి ఇనుప పార్టుల మీద తరుగుదల తీస్తారు, అయిదేళ్లు దాటి పదేళ్ల లోపు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. అంటే పదేళ్లు దాటిన బండికి పది వేల ఇనుప పార్టు వేస్తే అయిదు వేలే లెక్క, అందులోంచి మళ్లీ మీరు పెట్టుకోవాల్సిన వాటా పోద్ది. ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకి బండి వయసుతో పని లేకుండా 50 శాతం, ఫైబర్‌కి 30, అద్దానికి తరుగుదల లేదు. పెయింట్‌లో మెటీరియల్ ఖర్చు మీద 50 శాతం తీస్తారు, మెటీరియల్, కూలి విడివిడిగా రాయకుండా ఒకే బిల్లు ఇస్తే అందులో 25 శాతాన్ని మెటీరియల్ కింద లెక్కేస్తారు. సర్వేయర్ వచ్చి చూసేదాకా పాత పార్టు విప్పొద్దు, విప్పినా పారేయొద్దు.

నంబర్ ప్లేట్ ఉన్న బంపర్ మార్చితే కొత్త ప్లేట్ కావాలా?

హై సెక్యూరిటీ ప్లేట్‌ని తిరిగి విప్పలేని లాక్‌తో బిగిస్తారు, తీయాలంటే ఆ లాక్ విరగ్గొట్టాల్సిందే. ప్లేట్ బాగున్నా మళ్లీ మామూలు స్క్రూతో బిగించి తిరిగితే చెకింగ్‌లో అడుగుతారు, అధికారిక ఫిట్‌మెంట్ సెంటర్లో మళ్లీ లాక్ వేయించుకోండి.

ఫిట్‌నెస్‌కి పోతే కొత్త పార్టుల గురించి అడుగుతారా?

పార్టు కొత్తదా పాతదా అని అడగరు, బండి ఎట్లా ఉందో చూస్తారు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి పాత పికప్‌లకి ఇది ప్రతి సంవత్సరం ఉండే తంతే. బాడీ పని చేయించినవాళ్లు మర్చిపోయేది రిఫ్లెక్టర్ టేపు, పెయింట్‌కి ముందు పీకేస్తారు, తర్వాత వేయరు. ముందు తెలుపు, పక్కలకి పసుపు, వెనక ఎరుపు ఉండాలి, అదీ ఆమోదం ముద్ర ఉన్న టేపే, బజార్లో మీటర్ లెక్కన అమ్మే ఒట్టి మెరుపు స్టిక్కర్ కాదు. డోర్ మీద రాయించిన ఓనర్ పేరు, బండి బరువు వివరాలు కూడా కొత్త డోర్ మీదికి రావు కదా, ఫిట్‌నెస్ డేట్‌కి ముందే పెయింటర్‌తో రాయించుకోండి.